సంతకంతోపాటు కథనీ దాచు

రాజమహేంద్రవరం

చిరంజీవి చిన్నికి,

  

నీ ఉత్తరం అందింది. నాయకుల సంతకాలున్న ఉత్తరాలు, ఫోటోలు పోగుచేయాలని ఉందన్నావు. ఎక్కడ మొదలుపెట్టాలి, అసలేదో నకిలీ ఏదో ఎలా తెలుస్తుంది, ఎంత డబ్బు పెట్టొచ్చు అని అడిగావు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర పరిచయమైన ఒకాయన గాంధీగారి సంతకం ఉన్న ఫోటో ఇస్తానన్నాడనీ, వారంలోగా ఏ సంగతో చెప్పమన్నాడనీ రాశావు. ముందు ఆ మాట చెప్తాను. ఈ ఉత్తరంలో రాసినవన్నీ సరిచూసుకునేదాకా ఆయనకు అడ్వాన్సు కూడా ఇవ్వకు. గడువు పెట్టి తొందరపెట్టేవాళ్ల దగ్గర పాత కాగితం ఎప్పుడూ కొనకూడదు. నిజమైనదే అయితే అది ఇన్ని దశాబ్దాలు ఆగింది, ఇంకో నెల ఆగుతుంది.

నువ్వు ఈ దారి పట్టడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను. గ్రంథాలయంలో పనిచేసినన్నాళ్లూ పాత ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు, సభల ఫోటోలు నా చేతుల మీదుగా వెళ్లాయి. అవన్నీ చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒక్కటే. సంతకం ఒక్కటే మిగిలితే అది పేరు మాత్రమే. ఎవరికి రాశారో, ఎప్పుడు రాశారో, ఏ పని మీద రాశారో తెలిస్తే అది చరిత్రకు సాక్ష్యం. కింద రాసిన సలహాలన్నీ ఈ మాట నుంచి పుట్టినవే.

మొదటిది, నీ హద్దు నువ్వే గీసుకో. నాయకులందరివీ కావాలంటే ఎవరివీ సరిగా చేరవు. చేతికి దొరికినదల్లా కొంటావు, పదేళ్లు పోయాక చూసుకుంటే ఒకదానికొకటి సంబంధం లేని కాగితాలు మిగులుతాయి. నువ్వు చరిత్ర విద్యార్థినివి కాబట్టి ఒక దారి చూపిస్తాను. రాజ్యాంగ సభలో మన తెలుగువాళ్లు ఎవరెవరున్నారో చూడు. టంగుటూరి ప్రకాశం, భోగరాజు పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి, ఎన్.జి. రంగా, నీలం సంజీవరెడ్డి, కళా వెంకటరావు, మోటూరి సత్యనారాయణ, కల్లూరు సుబ్బారావు, మాడభూషి అనంతశయనం అయ్యంగారు, ఇలా సాగుతుంది జాబితా. వీళ్లలో ఒక్కొక్కరి ఉత్తరం ఒక్కటి చొప్పున సంపాదించినా అదొక జీవితకాలపు పని. లేదా మీ నల్లగొండ జిల్లాకే పరిమితమై, మొదటి ఎన్నికల నుంచి గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ రాసిన కాగితాలు వెతుకు. ఇది డబ్బు తక్కువ, నడక ఎక్కువ ఉన్న దారి. నీ వయసుకి అదే మంచిది.

హద్దు గీసుకున్నాక అందులో పక్షపాతం చూపించకు. నీకు నచ్చిన పార్టీవాళ్లవే దాచితే అది అభిమానుల ఆల్బమ్ అవుతుంది. 1952లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లిన రావి నారాయణరెడ్డి ఉత్తరం నీ దగ్గరుంటే, అదే ఏడాది హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు ఉత్తరం కూడా పక్కన ఉండాలి. ఇద్దరూ ఆ కాలపు తెలంగాణను చెరోవైపు నుంచి చూసినవాళ్లు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడే చదివేవాళ్లకు ఆ కాలం అర్థమవుతుంది.

ఇక రకాల సంగతి. అన్నిటికన్నా విలువైనది ఆ మనిషి స్వయంగా, తన దస్తూరీతో మొదటి నుంచి చివరిదాకా రాసిన ఉత్తరం. తర్వాతది టైపు చేయించి కింద సంతకం పెట్టిన ఉత్తరం. దాన్ని చిన్నచూపు చూడకు. పరిపాలనలో ఉన్నవాళ్ల అసలు ఆలోచన చాలాసార్లు టైపు కాగితాల్లోనే ఉంటుంది. నెహ్రూ ప్రధాని అయిన కొద్ది వారాలకే, 1947 అక్టోబరు నుంచి, దాదాపు పదిహేను రోజులకొకసారి రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఉత్తరాలు రాస్తూ వచ్చారు. ఆహార కొరత, భాషా రాష్ట్రాలు, విదేశాంగం, అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ తర్వాత సంతకం చేసిన ఫోటోలు. వాటి తర్వాత ఆటోగ్రాఫ్ పుస్తకాల్లోంచి వచ్చిన కాగితాలు. అన్నిటికన్నా కింద ఉత్తరం నుంచి సంతకం ఉన్న మేరకు కత్తిరించిన ముక్కలు.

ఆ కత్తిరించిన ముక్కలు ఎంత చవకగా దొరికినా కొనకు తల్లీ. ఎవరో ఒక నిండు ఉత్తరాన్ని చింపి, మాట పారేసి పేరు ఉంచుకున్నారన్నమాట. మనం కొంటే ఇంకో ఉత్తరం మీద కత్తెర పడుతుంది. నీ చేతికి వచ్చిన ఏ కాగితాన్నీ ఆల్బమ్‌లో పట్టలేదని అంచులు కత్తిరించకు, కవరును వేరు చేయకు. కవరు మీద పోస్టు ముద్ర ఉంటుంది, ఊరు ఉంటుంది, తేదీ ఉంటుంది. పట్టాభి సీతారామయ్యగారు తెలుగువాళ్లకు రాసే ఉత్తరాలకు చిరునామా కూడా తెలుగులోనే రాసేవారని చెబుతారు. పోస్టాఫీసువాళ్లకు ఇబ్బంది అన్నా ఆ పట్టు వదల్లేదట. అలాంటి కవరు పారేస్తే ఆయన పట్టుదలలో సగం పారేసినట్టే.

కథ ఉన్న ఉత్తరం అంటే ఎలా ఉంటుందో మా ఊరి నుంచే చెప్తాను. ఇక్కడ కె.వి. రత్నంగారు స్వదేశీ ఫౌంటెన్ పెన్ను తయారుచేసి, గ్రామ పరిశ్రమల సంఘం చూసే జె.సి. కుమారప్ప ద్వారా గాంధీగారికి పంపించారు. 1935లో వార్ధా నుంచి గాంధీగారు జవాబు రాశారు. పెన్ను వాడి చూశాననీ, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొచ్చేలా ఉందనీ దాని సారాంశం. నాలుగు ముక్కల ఉత్తరం. కానీ దాని వెనక ఒక కంసాలి పనితనం ఉంది, స్వదేశీ ఉద్యమం ఉంది, ఊరూరా పరిశ్రమ నిలబెట్టాలన్న కుమారప్ప ప్రయత్నం ఉంది. రత్నంగారి కుటుంబం దాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంది. అదే సంతకాన్ని ఆ ఉత్తరంలోంచి కత్తిరించి అద్దంలో పెట్టి ఉంటే, ఈ కథలో ఏం మిగిలేది?

ఇప్పుడు నకిలీల సంగతి. ఇది కాస్త ఓపికగా చదువు.

మోసం చేయాలనే ఉద్దేశం లేకుండానే నాయకుల పేరుతో వాళ్లు పెట్టని సంతకాలు లక్షల్లో ఉన్నాయి. ఆఫీసులో కార్యదర్శి పెట్టినవి, రబ్బరు స్టాంపుతో వేసినవి, ఫోటోతోపాటే అచ్చయినవి, యంత్రం గీసినవి. అమెరికాలో 1940లలోనే ఆటోపెన్ అనే యంత్రం వాడుకలోకి వచ్చింది. నాయకుడి సంతకం నమూనాను అచ్చులో బిగిస్తే, అసలైన పెన్నునే పట్టుకుని కాగితం మీద అది గీస్తుంది. సిరా నిజమే, పెన్ను నిజమే, చెయ్యి మాత్రం లేదు. జాన్ కెనెడీ పేరుతో వెళ్లిన ఇలాంటి సంతకాల మీద చార్లెస్ హామిల్టన్ అనే న్యూయార్క్ వ్యాపారి 1965లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. వీటిని పట్టుకోవడానికి సూత్రం చిన్నదే. ఏ మనిషీ రెండుసార్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా సంతకం పెట్టలేడు. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే గీతకు గీత కలిసిపోయాయంటే అది యంత్రం పనో అచ్చు పనో అయి ఉంటుంది. చేత్తో రాసినదాంట్లో ఒత్తిడి మారుతూ ఉంటుంది. పెన్ను కిందికి దిగేటప్పుడు గీత లావవుతుంది, పైకి లేచేటప్పుడు సన్నబడుతుంది. యంత్రపు గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం.

అచ్చయిన సంతకాలకు మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1950 జనవరి 24న రాజ్యాంగ ప్రతి మీద 284 మంది సభ్యులు సంతకాలు చేశారు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేతిరాత, నందలాల్ బోస్, ఆయన శిష్యుల బొమ్మలు ఉన్న ఆ మూలప్రతి పార్లమెంటు గ్రంథాలయంలో నైట్రోజన్ నింపిన పెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని చూసి డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియావాళ్లు వెయ్యి ప్రతులు ఫోటో పద్ధతిలో అచ్చువేశారు. ఆ ప్రతులూ అరుదైనవే, వాటికీ విలువుంది. కానీ వాటిలో నెహ్రూ సంతకం, అంబేడ్కర్ సంతకం అన్నీ అచ్చు సంతకాలే. ఎవరైనా అందులోంచి ఒక పేజీ చూపించి ఇది స్వయంగా చేసిన సంతకం అంటే, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం తీసి చూడు. పెన్ను సిరా కాగితపు పోగుల్లోకి పాకి ఉంటుంది, గీతలు దాటిన చోట సిరా ముదురుగా ఉంటుంది. అచ్చులో ఆ తేడా కనిపించదు.

ఇక కావాలని చేసే మోసం. దీనికి కళ్లకన్నా చరిత్ర జ్ఞానం ఎక్కువ ఉపయోగపడుతుంది. అందుకే నీలాంటి విద్యార్థులు వ్యాపారులకన్నా బాగా పట్టుకోగలరు. దుర్గాబాయిగారు సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్లిచేసుకున్నది 1953లో. 1948 నాటి ఉత్తరం కింద దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని ఉంటే ఇంక పరీక్ష అక్కర్లేదు, తిరిగి ఇచ్చెయ్. ప్రకాశంగారు 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్ పుట్టింది 1956 నవంబరు 1న, అప్పటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డిగారు. కాబట్టి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అని అచ్చయిన లెటర్‌హెడ్ మీద ప్రకాశంగారి సంతకం ఉండే వీలే లేదు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకుముందు తేదీ వేసిన ఉత్తరం మీద ఆరంకెల పిన్‌కోడ్ అచ్చయి ఉంటే అది తర్వాత తయారుచేసిన కాగితమే. నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. దానికి ముందు పోస్టయిన కవరు మీద నయా పైసల స్టాంపులు ఉండకూడదు. ప్రతి నాయకుడికీ ఇలాంటి కాలపట్టిక ఒకటి తయారుచేసుకో. ఎప్పుడు ఏ పదవి, ఎక్కడ నివాసం, ఎప్పుడు జైలు, ఎప్పుడు విదేశం. జైల్లో ఉన్న మనిషి ఇంటి చిరునామా నుంచి తీరిగ్గా ఉత్తరం రాసినట్టు కనిపిస్తే ఆగి ఆలోచించాలి.

కాగితం, సిరా కూడా మాట్లాడతాయి. బాల్‌పెన్నులు అమెరికా బజారులోకి వచ్చిందే 1945లో. మన ఊళ్లకు బాగా పాకింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. 1930ల నాటి ఫోటో మీద ఆ కాలంలోనే పెట్టినట్టు చెప్పే సంతకం బాల్‌పెన్నుతో ఉంటే నమ్మకు. అలాగే కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు మిల్లుల్లో వాడటం రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదలైంది. నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం ఒకటి కొనుక్కో. చీకటి గదిలో ఆ వెలుతురు కింద కాగితం నీలంగా తళతళలాడితే దానికి 1930ల తేదీ కుదరదు.

ఈ రసాయనమే 1983లో పెద్ద మోసాన్ని బయటపెట్టింది. హిట్లర్ డైరీలు దొరికాయని జర్మనీలో స్టెర్న్ పత్రిక ప్రకటించింది, లక్షల మార్కులు పోసి కొన్నది. అంతకుముందు చేతిరాత నిపుణులు చూసి నిజమేనన్నారు. తర్వాత జర్మనీ జాతీయ పత్రాగారంవాళ్లు పరీక్ష చేస్తే, కాగితంలో యుద్ధం తర్వాత వచ్చిన తెలుపు రసాయనం తేలింది. రాసింది కొన్‌రాడ్ కుయావ్ అనే దొంగ. నిపుణులు ఎందుకు బోల్తాపడ్డారో తెలుసా? పోల్చి చూడటానికి వాళ్లకిచ్చిన నమూనాల్లోనే అతను రాసిన నకిలీలు కలిసి ఉన్నాయి. ఈ సంగతి నీ పుస్తకంలో మొదటి పేజీలో రాసుకో. పోల్చడానికి నమూనా అమ్మేవాడి దగ్గర తీసుకోకూడదు. పత్రాగారంలోనో, అచ్చయిన గ్రంథాల్లోనో ఉన్న నిస్సందేహమైన నమూనాతోనే పోల్చాలి. అదీ ఒక్కటి చాలదు, ఆ ఏడాదికి దగ్గరగా ఉన్నవి కొన్ని కావాలి. మనుషుల సంతకాలు వయసుతో, జబ్బుతో మారుతూ ఉంటాయి. గాంధీగారైతే కుడి చెయ్యి నొప్పి పుడితే ఎడమ చేత్తో కూడా రాసేవారు.

ఇప్పుడు నువ్వు అడిగిన ఫోటో దగ్గరికి వద్దాం. ముందు వెనకవైపు చూడు. స్టూడియో ముద్ర ఉందా, పత్రికవాళ్లు అంటించిన వివరాల చీటీ ఉందా, ఎవరైనా పెన్సిలుతో ఏమైనా రాశారా? పాత ఫోటో కాగితం మందంగా, కాగితం స్పర్శతోనే ఉంటుంది. ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితం చాలా తర్వాత వచ్చింది. వెనకవైపు ప్లాస్టిక్ నునుపు తగిలితే అది గాంధీగారి కాలపు ప్రింటు కాదు. తర్వాత సంతకం ఫోటో పైన ఉందా, ఫోటోలోనే ఉందా అని ఏటవాలుగా వెలుతురు పట్టి చూడు. చివరగా అమ్మే ఆయన్ని నేరుగా అడుగు, ఇది ఎవరికి ఇచ్చిన సంతకం, ఆ ఇంటి నుంచి మీదాకా ఎలా వచ్చింది అని. గాంధీగారు హరిజన నిధి కోసం ఒక్కో ఆటోగ్రాఫ్‌కు ఐదు రూపాయలు తీసుకునేవారు. 1933-34లో హరిజన యాత్రగా మన ప్రాంతమంతా తిరిగారు. కాబట్టి తెలుగు ఇళ్లలో ఆయన సంతకాలు ఉండటం వింత కాదు. కానీ నిజంగా ఒక ఇంటి నుంచి వచ్చినదైతే ఆ ఇంటివాళ్లకు ఒక కథ తెలిసి ఉంటుంది. ఏ ఊరి సభ, ఎవరు వెళ్లారు, ఎంత చందా ఇచ్చారు. అమ్మే ఆయన దగ్గర ఏ కథా లేకపోతే, ఉన్న కథ అడిగినప్పుడల్లా మారితే, నమస్కారం పెట్టి వచ్చెయ్. నిపుణుల సర్టిఫికెట్ ఉందంటే అది ఎవరిచ్చారో చూడు. అమ్మేవాడే ఇచ్చుకున్న సర్టిఫికెట్‌కు విలువ లేదు.

నిజం చెప్పాలంటే నీ వయసులో గాంధీ, నెహ్రూల వెంట పడొద్దు. ఎక్కువ ధర పలికే పేర్ల చుట్టూనే నకిలీలు ఎక్కువ. తాలూకా స్థాయిలో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినవాళ్లు, గ్రంథాలయోద్యమం నడిపినవాళ్లు, మొదటి తరం శాసనసభ్యులు, మొదటి మహిళా సర్పంచులు, వీళ్ల ఉత్తరాలకు దొంగ సంతకం పెట్టేవాడెవడూ ఉండడు. అవి ఇళ్ల అటకల మీద, రేకు పెట్టెల్లో ఉన్నాయి. ఇల్లు మారినప్పుడు, పెద్దాయన పోయినప్పుడు కిలోల లెక్కన పాత కాగితాలవాడికి పోతున్నాయి. నాకు బాధ కలిగించేది అదే. నువ్వు ఆ ఇళ్లకు వెళ్లు. కొనడానికి కాదు, వినడానికి వచ్చానని చెప్పు. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడించు. వాళ్లు ఉత్తరం ఇవ్వకపోయినా ఫోటో తీసుకోనిస్తారు. ఆ ఫోటోకు కూడా నీ సేకరణలో చోటుంది. ఇచ్చినా, ఇంట్లో మిగతా అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు తెలిసే ఇస్తున్నారా అని అడిగి మరీ తీసుకో. డబ్బు అవసరంలో ఉన్న ఇంట్లో బేరం ఆడొద్దు. విలువ తెలియక తక్కువ అడిగితే నువ్వే సరైన ధర చెప్పు.

బతికున్న నాయకులకు నువ్వే రాయొచ్చు. మీ ఆటోగ్రాఫ్ పంపండి అని ఒక్క వాక్యం రాస్తే కార్యదర్శి ఒక అచ్చు ఫోటో కవరులో పెట్టి పంపిస్తాడు. అలా కాకుండా వాళ్ల జీవితంలోంచి ఒక ప్రశ్న అడుగు. మీరు మండలాధ్యక్షురాలిగా ఉన్నప్పుడు ఫలానా చెరువు పని ఎలా సాధించారు, సభలో ఫలానా బిల్లు మీద ఎందుకు వ్యతిరేకంగా మాట్లాడారు. తెలుగులో, నీ చేతిరాతతో, ఒక పేజీ మించకుండా రాయి. స్టాంపు అంటించి నీ చిరునామా రాసిన కవరు లోపల పెట్టు. పదవిలో ఉన్నవాళ్లకన్నా పదవి దిగినవాళ్లు తీరిగ్గా, మనసు విప్పి జవాబిస్తారు. జవాబు వస్తే ధన్యవాదాలు రాయడం మరిచిపోకు. ఎదురుగా కలిసి ఫోటో మీద సంతకం అడిగితే, లేత రంగు ఉన్న చోట చేయమను, తేదీ, ఊరు కూడా వేయమను, ఆరేదాకా కవరులో పెట్టకు. నీ పేరు రాసి సంతకం చేస్తే అమ్మేటప్పుడు ధర తగ్గుతుందని కొందరు చెబుతారు. నువ్వు పట్టించుకోకు. ఎవరికి ఇచ్చారో తెలిసే కాగితం ఎప్పటికీ ఎక్కువ నిజం చెబుతుంది.

చేతికొచ్చినదాన్ని దాచడం కూడా నేర్చుకోవాలి. మన వాతావరణంలో కాగితానికి శత్రువులు మూడు, తేమ, ఎండ, పురుగు. లామినేషన్ చేయించకు. ఒకసారి చేయిస్తే మళ్లీ విడదీయలేరు, లోపలే పాడవుతుంది. సెలోటేపు, ఫెవికాల్, స్టేపిల్ పిన్నులు దగ్గరికి రానీయకు. పిన్ను తుప్పు కాగితాన్ని తినేస్తుంది. ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్లు, పాలియెస్టర్ కవర్లు దొరుకుతాయి, అవి వాడు. వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో మాత్రమే రాయి. గోడకు తగిలించుకోవాలని ఉంటే మంచి నకలు తీయించి దాన్ని తగిలించు, అసలు పెట్టెలో ఉండాలి. ఫౌంటెన్ పెన్ను నీలం సిరా వెలుతురుకు చాలా త్వరగా వెలిసిపోతుంది. గోడకు ఆనుకున్న బీరువాలో, నేల మీద, బాత్‌రూమ్ గోడ పక్కన పెట్టకు. వర్షాకాలం పోయాక ఒకసారి తీసి, చేతులు కడుక్కుని తుడుచుకుని, ఒక్కో కాగితం చూసుకో.

చట్టం కూడా తెలుసుకో. 1972 పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య, శాస్త్ర విలువ ఉన్న పత్రం డెబ్బై ఐదేళ్లు దాటితే పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని దేశం దాటించడానికి నీకు హక్కు లేదు. విదేశాల్లో ఉన్న మీ బాబాయి అడిగినా సరే, పంపకు. ప్రభుత్వ ఫైలులోంచి వచ్చిన కాగితం, ఫైలు నంబరు, ఆఫీసు ముద్ర, పేజీ మూలన కుట్టు రంధ్రాలు ఉన్నవి, ఎంత గొప్పవైనా కొనొద్దు. అవి ప్రజల ఆస్తి. ఇంకొక సంగతి, కాగితం నీదైనా అందులోని మాట మీద హక్కు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. పత్రికలో అచ్చువేయాలంటే వాళ్ల అనుమతి అడుగు. ఉత్తరంలో ఎవరి జబ్బు గురించో, ఇంటి గొడవ గురించో ఉంటే, హక్కు ఉన్నా బయటపెట్టకు. నాయకులకూ ఇల్లూ వాకిలీ ఉంటాయి.

కొన్నేళ్లకు నీ సేకరణ ఒక రూపానికి వచ్చాక అది నీ ఒక్కదానిదే అనుకోకు. గాంధీగారు దక్షిణాఫ్రికా మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్‌కు రాసిన ఉత్తరాలు లండన్‌లో వేలానికి సిద్ధమైతే 2012లో మన ప్రభుత్వం కొని జాతీయ పత్రాగారానికి తెచ్చింది. అంత పెద్దవి కాకపోయినా మనం దాచినవీ ఒక రోజు పదిమంది చదివే చోటికి చేరాలి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలో రాష్ట్ర పత్రాగారం, ఇలాంటి చోట్లు ఒకసారి చూసి రా. అక్కడివాళ్లు కాగితాన్ని ఎలా పట్టుకుంటారో, ఎలా జాబితా రాస్తారో గమనించు. ఏ పుస్తకంలోనూ దొరకని చదువు అది.

చివరిగా, నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే పని. ఒక గట్టి అట్ట ఉన్న నోటు పుస్తకం కొను. నీ దగ్గరికి వచ్చిన ప్రతి కాగితానికీ ఒక అంకె వేసి, ఒక పేజీ కేటాయించు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ సందర్భంలో రాశారు. నీకు ఎవరిచ్చారు, వాళ్లకు ఎలా వచ్చింది, ఎంత ఇచ్చావు. అసలేనని నువ్వెందుకు నమ్ముతున్నావు, ఏ అనుమానం మిగిలింది. తెలియనిది తెలియదనే రాయి. ఉత్తరం ఇచ్చిన పెద్దాయన చెప్పిన కథ ఆయన మాటల్లోనే రాసిపెట్టు. తెచ్చుకున్న రోజే రాయి, రేపటికి వాయిదా వేయకు. ఆ ఇల్లు రేపు ఉండకపోవచ్చు, ఆ పెద్దాయన రేపు ఉండకపోవచ్చు. ఇంత కష్టపడి దాచిన కాగితాన్ని నీ తర్వాత ఎవరైనా చూసి ఇదెవరిదో అని పక్కన పెట్టారంటే, ఆ లోటు ఆ నాయకుడిది కాదు, మనది. నోటు పుస్తకం నింపుతూ పోయినన్నాళ్లూ నువ్వు సేకరించేదానికి అర్థముంటుంది.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు. చదువు పక్కన పెట్టి తిరగకు. పరీక్షలయ్యాక ఇక్కడికి రా, కొన్ని ఇళ్లకు మనిద్దరం కలిసి వెళ్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ